వెనక్కి తీసుకున్న లేబర్ కోర్టు పిటిషన్‌ను తిరిగి నిలబెట్టిన దొండపర్తి న్యాయవాద కార్యాలయం: ఒక సమీక్ష

పనిలోంచి తొలగించిన కార్మికుడు లేబర్ కోర్టులో వేసుకున్న పిటిషన్‌ను ఒకసారి వెనక్కి తీసుకున్నాక దాన్ని తిరిగి విచారణకు తెప్పించడం, కొత్తగా కేసు వేయడం కంటే ఎన్నో రెట్లు కష్టమైన పని. విశాఖపట్నం దొండపర్తిలో ఉన్న ఒక న్యాయవాద కార్యాలయం ఆ పనిని మా అన్నయ్య కోసం చేసిపెట్టింది. కార్యాలయానికీ వాయిదాలకూ ఆయన వెంట తిరిగినవాడిగా వారి పనితీరును దగ్గర నుంచి చూశాను కాబట్టి, ఇదే ఇబ్బందిలో ఉన్న కార్మిక కుటుంబాలకు ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. కార్యాలయం పేరు మాత్రం ఇవ్వడం లేదు. న్యాయవాదులు ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని తమ వృత్తికి ప్రచారం చేసుకోరాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలలోని 36వ నియమం చెబుతోంది. ఆ కార్యాలయాన్ని నడిపే న్యాయవాదిగారు, అక్కడికి వచ్చేవారందరూ మేడమ్ అని పిలిచే పెద్దావిడ, పేరు రాయవద్దని స్వయంగా కోరారు. పేరు తెలియకపోయినా, ఇలాంటి కేసు పట్టుకుని ఏ న్యాయవాది దగ్గరకు వెళ్లినా ఆ న్యాయవాది మనల్ని ఏం అడగాలో, ఏం చేయాలో దీన్ని చదివినవారికి తెలుస్తుంది.

ముందుగా కేసు సంగతి క్లుప్తంగా చెప్పాలి. మా అన్నయ్య గాజువాక ఆటోనగర్ పరిసరాల్లోని ఒక ప్రైవేటు ఫ్యాబ్రికేషన్ కర్మాగారంలో చాలా ఏళ్లు ఫిట్టరుగా పనిచేశారు. ఎలాంటి డొమెస్టిక్ ఎంక్వయిరీ (కంపెనీ లోపల జరిపే క్రమశిక్షణ విచారణ) జరపకుండానే ఆయన్ను తొలగించారు. పారిశ్రామిక వివాదాల చట్టం, 1947లోని 2-ఏ(2) సెక్షన్ కింద ఆయన నేరుగా విశాఖపట్నంలోని ఇండస్ట్రియల్ ట్రిబ్యునల్ కం లేబర్ కోర్టులో పిటిషన్ వేశారు. ప్రభుత్వం వివాదాన్ని కోర్టుకు నివేదించే (రిఫరెన్సు పంపే) దాకా ఎదురుచూడకుండా తొలగింపుకు గురైన కార్మికుడే లేబర్ కోర్టు తలుపు తట్టే హక్కును ఆంధ్రప్రదేశ్ 1987లోనే సవరణ చేసి ఇచ్చింది. 2010 నాటి కేంద్ర సవరణతో అది దేశమంతటికీ వచ్చింది. కార్మిక శాఖలోని రాజీ అధికారికి దరఖాస్తు ఇచ్చి 45 రోజులు గడవాలనీ, తొలగించిన తేదీ నుంచి మూడేళ్లలోగా కోర్టుకు వెళ్లాలనీ ఆ కేంద్ర సవరణే చెప్పింది. ఈ మూడేళ్ల గడువును గుర్తుంచుకోండి, దీని ప్రసక్తి మళ్లీ వస్తుంది.

కేసు సాక్ష్యాల దశకు రాకముందే యాజమాన్యం తరఫున మనుషులు ఇంటికి వచ్చారు. కేసు వెనక్కి తీసుకుంటే పాత సర్వీసు కలిపి తిరిగి పనిలోకి తీసుకుంటామని నోటిమాటగా చెప్పారు. అప్పటి న్యాయవాది, పిటిషన్ వెనక్కి తీసుకుంటున్నామని కోర్టుకు చెప్పే ఒక మెమో తయారుచేసి సంతకం పెట్టించారు. ఆ తరువాత అన్నయ్యను పనిలోకి పిలిచిన మాట నిజమే గాని, కంపెనీ పేరు మీద పిలవలేదు. ఒక కాంట్రాక్టరు కింద కొన్ని నెలలు పనిచేయించుకుని, ఆ కాంట్రాక్టు ముగిసిందంటూ గేటు దగ్గరే ఆపేశారు. అప్పటికి కోర్టులో కేసు లేదు, చేతిలో ఒప్పంద పత్రం లేదు. అచ్చుతాపురం నుంచి ఆటోనగర్ దాకా ఇలా నోటిమాట మీద కేసులు వెనక్కి తీసుకున్న కార్మికులు ఇంకా ఉన్నారని ఆ కార్యాలయం వరండాలో కూర్చున్నప్పుడే మాకు తెలిసింది.

ఇక సేవ గురించి. మొదటి రోజు మేడమ్ మా మాటంతా విన్న తరువాత గెలుస్తారనీ చెప్పలేదు, గెలవరనీ చెప్పలేదు. కేసు ఫైలులో న్యాయాధికారి రాసే ఉత్తర్వును డాకెట్ ఆర్డరు అంటారు. "డాకెట్ ఆర్డరు సర్టిఫైడ్ కాపీ, మీరు సంతకం పెట్టిన మెమో సర్టిఫైడ్ కాపీ, ఈ రెండూ తీసుకురండి బాబూ. అవి చూడకుండా నేనేం చెప్పినా అది ఊహే అవుతుంది" అన్నారు. అంతకుముందు మేము కలిసిన ఇద్దరు ముగ్గురు కాగితాలు అడగకుండానే ఒకరు కొత్త కేసు వేద్దామని, మరొకరు హైకోర్టుకు వెళ్దామని తేల్చేశారు. కాగితం చదవనిదే దారి చెప్పనన్న ఈ ఒక్క పట్టుదల వల్లనే మిగతా పని సవ్యంగా నడిచిందని నా నమ్మకం.

ఆ పట్టుదలకు కారణం సర్టిఫైడ్ కాపీలు వచ్చాక అర్థమైంది. కేసు ముగిసిపోయిందని మనం అనుకునేది చట్టం దృష్టిలో నాలుగు వేర్వేరు సంగతులు కావచ్చు. వాయిదాకు ఎవరూ హాజరు కానందున కేసు కొట్టివేసి ఉంటే అది గైర్హాజరు కింది కొట్టివేత; హాజరు కాలేకపోయిన కారణం చూపి పునరుద్ధరణ కోరవచ్చు, సివిల్ కోర్టులో దానికి 30 రోజుల గడువు. మళ్లీ వేసుకునే స్వేచ్ఛ ఇస్తూ ఉపసంహరణకు అనుమతించి ఉంటే కొత్త పిటిషన్‌కు దారి తెరిచే ఉంటుంది. ఆ స్వేచ్ఛ అడగకుండా, కోర్టు ఇవ్వకుండా ఉపసంహరణ జరిగి ఉంటే అవతలి పక్షం వెంటనే అభ్యంతరం లేవదీస్తుంది. రాజీ పత్రం మీద, ముఖ్యంగా లోక్ అదాలత్‌లో ముగిసి ఉంటే అన్నిటికంటే కష్టం. లోక్ అదాలత్ అవార్డు (తుది నిర్ణయం) మీద అప్పీలు లేదని న్యాయ సేవాధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ చెబుతోంది, చాలా పరిమితమైన కారణాల మీద హైకోర్టులో రిట్ ఒక్కటే మిగులుతుంది. మా అన్నయ్య డాకెట్ షీటులో ఉన్నది ఒకే వాక్యం: పిటిషనర్ మెమో దాఖలు చేసినందున పిటిషన్ 'నాట్ ప్రెస్డ్' (పిటిషనర్ ఇక పట్టుబట్టడం లేదు) కింద కొట్టివేయడమైనదని. రాజీ షరతుల ఊసు లేదు, మళ్లీ వేసుకునే స్వేచ్ఛ ఊసు కూడా లేదు. మా కేసు మూడో రకానిదన్నమాట.

స్వేచ్ఛ లేని ఉపసంహరణ ఎందుకంత ప్రమాదమో మేడమ్ మాకు ఓపికగా వివరించారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 23వ ఆర్డరు 1వ రూలు ప్రకారం కోర్టు అనుమతి లేకుండా దావా వెనక్కి తీసుకున్నవారు అదే విషయం మీద మళ్లీ దావా వేయడానికి వీలులేదు. ఇది దావాలకు సంబంధించిన నియమమే అయినా, సుప్రీంకోర్టు 1987లో సర్గుజా ట్రాన్స్‌పోర్ట్ సర్వీస్ కేసులో ప్రజాహితం దృష్ట్యా ఇదే సూత్రాన్ని రిట్ పిటిషన్లకూ వర్తింపజేసింది. ఒక బెంచి నచ్చక వెనక్కి తీసుకుని మరో బెంచి ముందు వేసుకునే అలవాటును అరికట్టడం అందులోని ఉద్దేశం. లేబర్ కోర్టుకు సివిల్ ప్రొసీజర్ కోడ్ మొత్తం వర్తించదు. సాక్షులను పిలిపించడం, పత్రాలు తెప్పించడం, కమిషన్ వేయడం వంటి కొన్ని అధికారాలనే పారిశ్రామిక వివాదాల చట్టం 11(3) సెక్షన్ దానికి ఇచ్చింది. కాబట్టి 23వ ఆర్డరు అక్షరాలా అడ్డు రాదని వాదించవచ్చు. అయితే ఆ సూత్రాన్ని పట్టుకుని యాజమాన్యం కనీసం ఒక ఏడాది కాలయాపన చేయగలదని, కొత్త పిటిషన్ ఒక్కదాని మీదే ఆధారపడవద్దని ఆమె సలహా ఇచ్చారు.

అంతకంటే విలువైన హెచ్చరిక కాలపరిమితి గురించి చేశారు. ఉపసంహరణకు అనుమతి తీసుకుని మళ్లీ దావా వేసినా, మొదటి దావా అసలు వేయనట్టే లెక్కగట్టి కాలపరిమితి చూడాలని అదే 23వ ఆర్డరు 2వ రూలు చెబుతోంది. అంటే స్వేచ్ఛ ఇచ్చినంత మాత్రాన గడియారం ఆగదు. అధికార పరిధి లేని కోర్టులో నిజాయితీగా గడిపిన కాలాన్ని మినహాయించే లిమిటేషన్ చట్టం 14వ సెక్షన్ మా లాంటి వారికి ఉపయోగపడదు; మొదటి పిటిషన్ వేసింది సరైన కోర్టులోనే కదా. మా అన్నయ్యకు తొలగింపు తేదీ నుంచి మూడేళ్లు నిండడానికి ఇంకా కొంత వ్యవధి ఉందని తేదీలు వేసి చూశాక, ఉపసంహరణ ఉత్తర్వును రద్దు చేయించే దరఖాస్తును ప్రధాన మార్గంగా పెట్టుకుని, అది తేలకుండానే గడువు దగ్గరపడితే వేయడానికి వీలుగా కొత్త 2-ఏ(2) పిటిషన్‌ను కూడా సంతకాలతో సహా సిద్ధం చేసి ఫైలులో ఉంచారు. చివరికి దాన్ని వేయవలసిన అవసరం రాలేదు గాని, అది సిద్ధంగా ఉందన్న ధైర్యంతో మా వదిన ఆ నెలల్లో కాస్త నిద్రపోగలిగింది.

ఉపసంహరణ ఉత్తర్వును అదే కోర్టు రద్దు చేయగలదా అన్నది తరువాతి ప్రశ్న. పొరపాటున గాని, మోసం వల్ల గాని వెనక్కి తీసుకున్న దావా విషయంలో ఆ ఉత్తర్వును వెనక్కి పిలిచే సహజాధికారం సివిల్ కోర్టుకు ఉందని సుప్రీంకోర్టు 2006లో జెట్ ప్లై వుడ్ కేసులో అంగీకరించింది. ఉపసంహరణ కోసం ఇచ్చిన దరఖాస్తునే తిరిగి వెనక్కి తీసుకోవచ్చని 2011లో మరో తీర్పు చెప్పింది. చట్టం స్పష్టంగా నిషేధించనిది చేయవచ్చన్నది ఆ తీర్పుకు ఆధారం. లేబర్ కోర్టుల విషయానికి వస్తే 1980 డిసెంబరులో వెలువడిన గ్రిండ్లేస్ బ్యాంకు తీర్పు మూలస్తంభం వంటిది. న్యాయం చేయడానికి అవసరమైన అనుబంధ అధికారాలు ట్రిబ్యునల్‌కు ఉంటాయనీ, ఒక పక్షం హాజరు కాకుండా ఏకపక్షంగా ఇచ్చిన అవార్డును అది రద్దు చేయగలదనీ అందులో తేల్చారు. అవార్డు ప్రచురించిన 30 రోజుల తరువాత ఆ అధికారం పోతుందన్న వాదనను 2018లో హరియాణా సూరజ్ మాల్టింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల బెంచి తోసిపుచ్చింది.

ఇవన్నీ మాకు అనుకూలమైనవే. మేడమ్ మాకు వ్యతిరేకమైన తీర్పును కూడా దాచకుండా ముందు పెట్టారు. 2005లో కప్రా మజ్దూర్ ఏక్తా యూనియన్ కేసులో సుప్రీంకోర్టు పునఃపరిశీలనను రెండు రకాలుగా విడదీసింది. ప్రక్రియలోనే మూలానికి తగిలే లోపం జరిగి ఉంటే దాన్ని సరిదిద్దే అధికారం ప్రతి ట్రిబ్యునల్‌కూ ఉంటుంది. ఇచ్చిన నిర్ణయం తప్పని, మళ్లీ ఆలోచించమని కోరే పునఃపరిశీలన మాత్రం చట్టం స్పష్టంగా ఇస్తేనే ఉంటుంది. "మాకు అన్యాయం జరిగిందని రాస్తే ఓడిపోతాం. ఆ మెమో మీ స్వేచ్ఛా సమ్మతితో వచ్చింది కాదని, కోర్టుకు అసలు సంగతి తెలియకుండానే ఉత్తర్వు వెలువడిందని చూపించాలి. అది ప్రక్రియలో లోపం" అని ఆమె చెప్పినప్పుడు, ఇంతకాలం మేము చెప్పుకుంటూ వచ్చిన బాధకూ కోర్టు వినగలిగే మాటకూ ఎంత తేడా ఉందో తెలిసింది. మొత్తం సేవలో నాకు అత్యంత విలువైనదిగా తోచింది ఇదే: కార్మికుడి ఆవేదనను తగ్గించకుండానే దాన్ని కోర్టు పట్టించుకోగల ఆకారంలోకి తీసుకురావడం.

అఫిడవిట్ తయారీకి వారు తీసుకున్న శ్రద్ధ గురించి వివరంగా రాయాలి. యాజమాన్యం ఇచ్చిన హామీ నోటిమాట కాబట్టి దాన్ని నిరూపించడం ఎలా అన్నది అసలు చిక్కు. కార్యాలయంలోని జూనియర్ న్యాయవాది అన్నయ్య చేత ప్రావిడెంట్ ఫండ్ పాస్‌బుక్ తీయించారు. అందులో ఏ నెల చందా ఏ సంస్థ పేరు మీద జమ అయిందో ఉంటుంది. మెమో దాఖలైన తరువాతి నెల నుంచే కాంట్రాక్టరు పేరు మీద చందా మొదలైందని అది తేటతెల్లంగా చూపింది. ఈఎస్ఐ చందాల వివరాలు కూడా అదే చెప్పాయి. కాంట్రాక్టరు ఇచ్చిన గేటు పాసు మీద ఉన్నది మాత్రం పాత కర్మాగారం పేరే. పర్సనల్ విభాగం ఉద్యోగి పంపిన వాట్సాప్ సందేశాలలో "కేసు క్లోజ్ అయిన కాపీ పంపు, జాయినింగ్ మాట్లాడదాం" అన్న అర్థం వచ్చే మాట ఒకటి దొరికింది. వీటిని తేదీల వారీగా పేర్చి చూస్తే, ఉపసంహరణకూ తిరిగి పనిలోకి తీసుకోవడానికీ ఉన్న సంబంధాన్ని వేరే సాక్షి చెప్పనవసరం లేకుండా పోయింది. ఉద్యోగం పోయిన ఏ కార్మికుడైనా మొదట దాచుకోవలసినవి ఇవేనని నేను గట్టిగా చెబుతాను. ఫోను మార్చేముందు సందేశాలు భద్రపరచుకోవాలి, గేటు పాసు తిరిగి ఇచ్చేయమని అడిగితే ముందు ఫోటో తీసి పెట్టుకోవాలి.

అఫిడవిట్ ఇంగ్లీషులో ఉంది. సంతకానికి ముందు జూనియర్ న్యాయవాది ప్రతి పేరానూ తెలుగులో చదివి వినిపించారు. ఒకచోట అన్నయ్యను "బెదిరించారు" అని రాసి ఉంటే, బెదిరించలేదనీ ఆశ పెట్టారనీ అన్నయ్య చెప్పారు. వెంటనే ఆ వాక్యాన్ని మార్చి మళ్లీ ప్రింటు తీయించారు. ఎదుటి న్యాయవాది క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదట పట్టుకునేది అలాంటి మాటనేనని తరువాత మేడమ్ చెప్పారు. ఖాళీ కాగితాల మీద, చదవని మెమోల మీద సంతకాలు పెట్టించే పద్ధతి ఎంత విరివిగా ఉందో తెలిసినవారికి ఈ కార్యాలయం విలువ ఈ ఒక్క సంగతితోనే అర్థమవుతుంది. కక్షిదారు ఆదేశం లేకుండా న్యాయవాది రాజీకి గాని ఒప్పుకోలుకు గాని దిగరాదని సుప్రీంకోర్టు 2015లో హిమాలయన్ కోఆపరేటివ్ హౌసింగ్ సొసైటీ కేసులో కచ్చితంగా చెప్పింది. కార్మికుడికి తాను దేనికి సంతకం పెడుతున్నాడో తెలియజేయడం ఆ తీర్పు స్ఫూర్తికి కనీస గౌరవం.

పాత న్యాయవాది దగ్గర నుంచి ఫైలు తీసుకోవడంలో కూడా కొంత చిక్కు వచ్చింది. మిగిలిన ఫీజు ఇస్తేనే కాగితాలు ఇస్తానని ఆయన పట్టుబట్టారు. ఫీజు బాకీ ఉన్నా కక్షిదారు కాగితాలను ఆపి ఉంచే హక్కు న్యాయవాదికి లేదని సుప్రీంకోర్టు 2000 సంవత్సరంలోనే తీర్పు ఇచ్చింది. అయినా మేడమ్ గొడవకు దిగకుండా ఆయనకు మర్యాదగా లేఖ రాసి, కొత్త వకాల్తాకు అభ్యంతరం లేదన్న సంతకం తీసుకున్నారు. ముందే వకాల్తా ఉన్న కేసులో ఆ న్యాయవాది సమ్మతి గాని, అది దొరకనప్పుడు కోర్టు అనుమతి గాని లేకుండా మరొకరు హాజరు కారాదన్నది బార్ కౌన్సిల్ నియమం కాబట్టి, కొత్తవారి దగ్గరకు వెళ్లేవారు ఈ పనికి కొంత సమయం పడుతుందని ముందే లెక్కవేసుకోవాలి.

దరఖాస్తు మీద యాజమాన్యం గట్టి కౌంటర్ వేసింది. చదువుకున్న కార్మికుడు తెలిసే సంతకం పెట్టాడని, కాంట్రాక్టరుతో తమకు సంబంధం లేదని, ఉత్తర్వు ఇచ్చాక లేబర్ కోర్టుకు ఇక అధికారం లేదని వారి వాదన. మా తరఫు వాదన క్లుప్తంగా, తేదీల పట్టిక ఆధారంగా సాగింది. మేడమ్ గొంతు పెంచలేదు, తీర్పుల కుప్ప పోయలేదు, పైన చెప్పినవాటిలో నాలుగింటినే ఉదహరించారు. తమకు వ్యతిరేకమైన 2005 తీర్పును కూడా తామే ముందుగా ప్రస్తావించి, అది ఈ కేసుకు ఎందుకు వర్తించదో చెప్పడం న్యాయాధికారి దృష్టిని ఆకట్టుకుందని నాకు అనిపించింది. దరఖాస్తును షరతుతో అనుమతించారు. ఉపసంహరణ నుంచి పునరుద్ధరణ దాకా గడిచిన కాలానికి వెనుకటి జీతం కోరరాదన్నది ఆ షరతు. అన్నయ్యకు అది కొంత బాధ కలిగించినా, ఇలాంటి షరతు రావచ్చని మొదటి నెలలోనే చెప్పి ఉంచారు కాబట్టి మోసపోయామన్న భావన కలగలేదు. ఇప్పుడు అసలు పిటిషన్ పాత నంబరు మీదే సాక్ష్యాల దశలో ఉంది.

ఈ సందర్భంగా మేడమ్ చెప్పిన ఒక విషయం కార్మికులందరికీ తెలియాలి. ఉపసంహరణ ప్రతిసారీ కార్మికుడికే నష్టం చేయదు. ఒక పారిశ్రామిక వివాదం విచారణలో ఉండగా ఆ వివాదంతో సంబంధం ఉన్న కార్మికుణ్ణి వేరే దుష్ప్రవర్తన కింద తొలగిస్తే, పారిశ్రామిక వివాదాల చట్టం 33(2)(బి) సెక్షన్ కింద యాజమాన్యం లేబర్ కోర్టు ఆమోదం కోరుతూ దరఖాస్తు చేయాల్సి ఉండేది. ఆ దరఖాస్తు అసలు చేయకపోయినా, చేసి ఉత్తర్వు రాకముందే వెనక్కి తీసుకున్నా అది చట్ట ఉల్లంఘనేననీ, ఆ తొలగింపు చెల్లదనీ 2002లో జైపూర్ జిలా సహకారి భూమి వికాస్ బ్యాంకు కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. యాజమాన్యం తన దరఖాస్తును చడీచప్పుడు లేకుండా ఉపసంహరించుకుంటే కార్మికుడు దాన్ని పట్టించుకోకుండా వదిలేయకూడదు. ఆ ఉపసంహరణ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీయే అతనికి ఆయుధమవుతుంది.

వేరుగా మరో లాభం కూడా కలిగింది. తొలగింపుకు ముందు నెలల జీతం, బోనసు, సెలవుల జీతం బకాయిలు ఉపసంహరణతో పోయాయని మేము అనుకున్నాం. అవి తొలగింపు వివాదంతో ముడిపడినవి కావనీ, ముందే ఉన్న హక్కును డబ్బుగా లెక్కగట్టించే 33-సి(2) సెక్షన్ దరఖాస్తు వేరుగా వేసుకోవచ్చనీ, దానికి లిమిటేషన్ చట్టం అడ్డు రాదని 1969లో అథని పురపాలక సంఘం కేసులో సుప్రీంకోర్టు చెప్పిందనీ వివరించి, ఆ దరఖాస్తు కూడా వేశారు. పునరుద్ధరణ తేలకముందే అందులో కొంత మొత్తాన్ని యాజమాన్యం డిపాజిట్ చేసింది. ఇంట్లో పిల్లల ఫీజులు కట్టగలిగింది ఆ డబ్బుతోనే.

లోపాలు లేవని చెప్పను. సాయంత్రం పూట ఎదురుచూపు చాలా ఎక్కువ; ఇచ్చిన సమయానికి పిలిచిన రోజులు తక్కువ. కార్యాలయం రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ముందుగా ఫోను చేస్తే జూనియర్లే కిందికి వచ్చి మాట్లాడతారు గాని, ఆ ఫోను ఎత్తించడమే ఒక పని. కోర్టు వేళల్లో ఎత్తరు, ఆ తరువాత లైను ఖాళీ ఉండదు. వాయిదా తేదీలు తెలియజేయడంలో క్రమపద్ధతి లేదు. ఈ-కోర్ట్స్ యాప్‌లో సివిల్ కోర్టుల కేసుల్లాగా లేబర్ కోర్టు కేసులూ కనబడతాయనుకుని నిశ్చింతగా ఉండకుండా, ప్రతి వాయిదా రోజున తరువాతి తేదీని కోర్టు హాలులోనే రాసుకోవడం మేలు. మధ్యలో జూనియర్ మారినప్పుడు కొత్తగా వచ్చినవారికి కేసు మొదటి నుంచి చెప్పవలసి వచ్చింది. ఇంత జాగ్రత్తగా అఫిడవిట్ రాసే కార్యాలయం వాయిదాల సమాచారం విషయంలో కూడా అంతే జాగ్రత్త చూపిస్తే దూరం నుంచి వచ్చేవారికి ఒక పూట కూలి మిగులుతుంది.

ఫీజు సంగతి పారదర్శకంగా ఉంది. దరఖాస్తు దాఖలుకు ఒక భాగం, వాదనలకు ఒక భాగం, పునరుద్ధరణ జరిగితే అసలు కేసు నడపడానికి మరో భాగం అని ముందే కాగితం మీద రాసి ఇచ్చారు. ప్రతి చెల్లింపుకూ రసీదు ఇచ్చారు. వచ్చే బకాయిలో శాతం ఇస్తామని మేమే అన్నప్పుడు, ఫలితం మీద ఆధారపడిన ఫీజు తీసుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవని నిక్కచ్చిగా తిరస్కరించారు. శాతాల బేరం మాట్లాడే మధ్యవర్తులు గాజువాక నుంచి కోర్టు గేటు దాకా కనిపించే రోజుల్లో ఇది చెప్పుకోదగ్గ నిజాయితీ. మొత్తం మీద ఫీజు మరీ తక్కువేమీ కాదు, ఉద్యోగం లేని కుటుంబానికి భారమే. ఆ భారం మోయలేనివారిని మేడమ్ స్వయంగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పంపడం నేను చూశాను. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం పారిశ్రామిక కార్మికుడు, ఆదాయంతో నిమిత్తం లేకుండానే, ఉచిత న్యాయ సహాయానికి అర్హుడు. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. ఈ సంగతి చాలామంది యూనియన్ నాయకులకే తెలియదు.

ఈ కార్యాలయం ఎవరికి సరిపోతుందంటే, మా అన్నయ్యలాగా ప్రైవేటు కర్మాగారాల్లో పనిచేసి, కాగితాలు కొంతైనా దాచుకున్న కార్మికులకు బాగా సరిపోతుంది. పోర్టు, స్టీల్ ప్లాంటు వంటి సంస్థల కార్మికులకు, అక్కడి కాంట్రాక్టు కార్మికులకు వివాదం కేంద్ర కార్మిక శాఖ పరిధిలోకి వస్తుంది. రాజీ ప్రక్రియ నడిచేది కేంద్ర లేబర్ కమిషనర్ల కార్యాలయంలో కాబట్టి, ఆ కేసుల్లో అనుభవం ఉన్నవారిని అడగమని ఈ కార్యాలయమే చెబుతుంది. లోక్ అదాలత్‌లో రాజీపడినవారిని కూడా ఎక్కువ ఆశ పెట్టకుండా పంపేస్తారు. కొత్తగా తొలగింపుకు గురైనవారు మరో విషయం గమనించాలి. 2025 నవంబరు 21న పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 అమలులోకి వచ్చింది. వివాదం తలెత్తిన రెండేళ్ల తరువాత రాజీ అధికారి విచారణ జరపరాదని, రాజీ కుదరలేదన్న నివేదిక అందిన 90 రోజుల్లోగా ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవాలని దానిలోని 53వ సెక్షన్ చెబుతోంది. పాత చట్టంలో మూడేళ్లు ఉన్నాయి కదా అనే ధీమాతో కేసు వెనక్కి తీసుకుని, యాజమాన్యం మాట నిలబెట్టుకుంటుందేమోనని ఎదురుచూసే వ్యవధి కొత్త కేసులకు ఇక ఉండదు.

యాజమాన్యంతో రాజీ కుదిరిందని, కేసు వెనక్కి తీసుకోబోతున్నామని చెప్పి సలహా కోసం వచ్చేవారిని కూడా మేడమ్ ఆదరంగా చూస్తారు. అలాంటివారికి ఆమె చెప్పేది రాజీ వద్దని కాదు. షరతులన్నీ రాసి, ఇరుపక్షాలూ సంతకాలు చేసిన పత్రాన్ని కోర్టు ముందు పెట్టి దాని ప్రకారమే ఉత్తర్వు కోరమంటారు. అది వీలుకానప్పుడు మెమోలో 'హామీ నెరవేరకపోతే పిటిషన్‌ను తిరిగి తెరిపించుకునే స్వేచ్ఛతో' అన్న మాట చేర్పించి, ఆ మాట డాకెట్ ఆర్డరులో కూడా ఎక్కిందో లేదో అదే రోజు చూసుకోమంటారు. ఈ సలహాకు ఆమె తీసుకునే ఫీజు నామమాత్రం. కార్యాలయానికి వెళ్లేవారు తొలగింపు ఉత్తర్వు, చివరి జీతం స్లిప్పు, ప్రావిడెంట్ ఫండ్ పాస్‌బుక్, పాత పిటిషన్ నంబరు వెంట తీసుకువెళ్లాలి. శనివారం మధ్యాహ్నం రద్దీ కొంత తక్కువగా ఉంటుంది.